డిట్టో

ఇరవై రెండేళ్ళ పాటు మా పడగ్గది కిటికీలో ఒక గాజు గ్లాసు ఉండేది. అందులో నీళ్ళు. తాగడానికి కాదు, చూడటానికి. సంగతి తెలియని చుట్టాలెవరైనా దాహమేసి దాని మీద చెయ్యి వేస్తే, ఎప్పుడూ గొంతు పెంచని మా ఆయన కూడా "ఆగండాగండి" అని కేక పెట్టేవారు.

మా ఆయనది జలాశయం గట్టు కింద ఊట నీళ్ళు కొలిచే పని. ఎంత గట్టి మట్టికట్ట అయినా దాని పొట్టలోంచి కొద్దిగా నీరు ఊరి కిందికి దిగుతూనే ఉంటుంది. ఆ ఊటంతా ఒక చిన్న సిమెంటు కాలువలో చేరి, ఇనుప రేకుకి కోసిన గంటులోంచి అవతల పడుతుంది. ఆ గంటు దగ్గర నీరు ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తున ఉందో రోజూ పొద్దున్నే చూసి రిజిస్టర్లో రాయాలి. దాని పక్కనే ఇంకో గడి, నీటి రంగు. అది చూడటానికే ఆయన ఒక గ్లాసు ముంచి తెచ్చి కిటికీలో వెలుతురుకి పెట్టేవారు. ఆ గడిలో రాసే మాటలు రెండే: తేట, మురికి. నీరు కాస్త పెరిగినా తేటగా ఉన్నంతవరకు కంగారు లేదు. మురికిగా వచ్చిందంటే గట్టు లోపలి మట్టి కరిగి కొట్టుకుపోతోందని అర్థం. 'మురికి' అని రాసిన వెంటనే ఆఫీసుకి ఫోను చెయ్యాలి. సైరను మోగుతుంది. గంటలోపు గట్టు కింద ఉన్న క్వార్టర్లన్నీ ఖాళీ చెయ్యాలి. మాది మొదటి వరసలో ఇల్లు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట రాయాల్సిన పని పడలేదు.

రాసేది నేనే. ఆయన రాత చూస్తే కోడి కెలికినట్టు ఉంటుంది. ఆయన చూసొచ్చి చెప్పేవారు, నేను గుండ్రంగా రాసేదాన్ని. పెళ్ళయిన కొత్తలో వరసగా పది రోజులు "నలభై రెండు, తేట" అనే చెప్పేసరికి నాకు విసుగొచ్చి, పదకొండో రోజు రెండు గడుల్లోనూ చెరో జత చిన్న గీతలు పెట్టి ఊరుకున్నాను.

"ఇదేంటే?" అన్నారు.

"డిట్టో. పైనున్నదే కిందా అని."

"పైనున్నది నిన్నటిది కదా."

"ఇవాళా అదే కదండీ!"

"అదేనని నీకెలా తెలిసింది? నేను దిగి చూసొస్తే తెలిసింది. చూసింది రాయి."

ఆ గీతలు కొట్టేయించి, నలభై రెండు అని రాయించేదాకా వదల్లేదు. ఈయనతో సంసారం ఎలా సాగుతుందిరా దేవుడా అనుకున్నాను. సాగింది. ప్రార్థనలోనూ ఆయనకి అదే వరస. నేను మోకాళ్ళేస్తే బీపీ దగ్గర్నుంచి కరెంటు దాకా, అల్లుడి లారీ టైర్ల దాకా చదివేదాన్ని. ఆయనది నాలుగు ముక్కలు. "ఈ రోజు ఇచ్చావు తండ్రీ. దీన్ని నేను పాడు చెయ్యకుండా చూడు. ఆమెన్." అంతే, లేచి చెప్పులేసుకునేవారు.

ఆ ఏడు వానలు నెల ముందే దిగాయి, దిగినవి తెరిపివ్వలేదు. జలాశయంలో నీరు ఎప్పుడూ చూడనంత పైకొచ్చింది. ఆదివారం చర్చి అవగానే జనం పాస్టరు గారిని వదిలేసి మా ఆయన చుట్టూ మూగేవారు. వాళ్ళని అలా తరుముతున్నది సంఘంలో మేం కలలమ్మ అని పిలుచుకునే పెద్దావిడ. ఆవిడకి కలొచ్చిందట. చర్చి మెట్ల మీద మూడో మెట్టు దాకా నీళ్ళు, ఆ నీళ్ళలో ఎవరిదో మంచం తేలుతూ వెళ్ళిందట. మా చర్చి ఉన్నది చిన్న గుట్ట మీద. మూడో మెట్టు దాకా నీళ్ళొస్తే కింద క్వార్టర్లలో పైకప్పులు కూడా మిగలవు.

"కొలతల మాస్టారూ, గట్టు నిలుస్తుందంటారా?" అని అడిగేవారు.

"ఈ పూటకి బాగానే ఉందండి," అనేవారు ఈయన.

"పై వారం?"

"పై వారం వచ్చాక చూసి చెప్తాను."

నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికొచ్చాక అడిగేశాను. "గట్టు రాయిలా ఉంది, హాయిగా పడుకోండి అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది? దేవుడి మీద విశ్వాసం లేదా?"

"దేవుడి మీద ఉంది. మట్టి మీద ఎందుకుండాలి?"

"మీకు భయమన్నదే లేదు."

ఆయన కిటికీలో గ్లాసు వైపు చూశారు. "ఎందుకు లేదు? భయంగానే ఉంది. అందుకే తెల్లారకుండానే లేచి వెళ్తున్నా," అన్నారు.

నా భయం వేరు. అది పక్క గదిలో మంచం మీద ఉంది. మా అమ్మాయికి ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఈసారి డాక్టరమ్మ ముందే కచ్చితంగా చెప్పేసింది. మంచం దిగకూడదు, ప్రయాణం మాట ఎత్తకూడదు అని. అల్లుడు లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే కనుక పిల్లని మా దగ్గరే పెట్టుకున్నాం. రోజు గడిస్తే గోడ మీద క్యాలెండర్లో గీత కొట్టేదాన్ని. అది చూసి నవ్వేది అమ్మాయి. "జైల్లో ఖైదీలు కూడా ఇంత శ్రద్ధగా లెక్కపెట్టరే అమ్మా!" అనేది. నవ్వితే కడుపు కదులుతుందేమోనని దాన్ని నవ్వనిచ్చేదాన్ని కాదు.

అలా ఉండగా ఒక సోమవారం పొద్దున మా ఆయన కాలువ మెట్ల మీద నాచుకి జారి పడ్డారు. చీలమండ గుమ్మడికాయంత వాచింది. మాత్రలేసి పడుకోబెట్టాను. ఆఫీసుకి చెప్తే ఇంకొకర్ని పంపుతారు కానీ, ఆ వానల్లో అందరూ గేట్ల దగ్గర తలమునకలై ఉన్నారు.

"నాలుగు రోజులు నేను చూసొస్తానులెండి. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నదాన్ని, గ్లాసు ముంచడం రాదా?" అన్నాను.

"ముంచడం వచ్చు. చూడటం జాగ్రత్త," అన్నారు మగతలోనే.

మంగళవారం గొడుగు వేసుకుని దిగాను. గంటు దగ్గర స్కేలు చూస్తే నలభై ఆరు. ముందురోజు ఆయన చెప్పినదీ అంతే. మనసు కుదుటపడింది. గ్లాసు ముంచి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.

టీ తాగిన గ్లాసులో కాసిని నీళ్ళు పోసి తిప్పితే ఎలా ఉంటాయో, అలా ఉన్నాయి నీళ్ళు.

పారబోసి, గ్లాసు పమిటతో తుడిచి మళ్ళీ ముంచాను. అలాగే ఉంది. వాన నీరు పైనుంచి కాలువలో పడి కెలికి ఉంటుందిలే అనుకున్నాను. గ్లాసు సరిగ్గా కడగలేదేమో అనుకున్నాను. తేట కాకపోతే రాయాల్సింది ఇక రెండో మాటే. అది రాస్తే సైరను. సైరను మోగితే గంటలో పిల్లని లేపాలి. ఆ గుంతల రోడ్డు మీద, కుదుపుల బండిలో. డాక్టరమ్మ మాట చెవుల్లో గింగురుమంది.

ఇంటికొచ్చి రిజిస్టరు తెరిచాను. 'తేట' అని రాయడానికి చెయ్యి రాలేదు. అది అబద్ధమని నాకు తెలుసు. నా చెయ్యే ఒక దారి వెతుక్కుంది. నలభై ఆరు కింద రెండు గీతలు, తేట కింద రెండు గీతలు. నేనేమీ రాయలేదు కదా అనుకున్నాను. ఊట నీళ్ళు వెనక పెరట్లో పారబోసి, వంటింటి కుళాయి కింద గ్లాసు నింపి, తీసుకెళ్ళి కిటికీలో పెట్టాను.

"ఎలా ఉంది?" అన్నారు ఆయన కళ్ళు తెరవకుండానే.

"నిన్నటిలాగే."

అది మాత్రం నోరారా చెప్పిన అబద్ధం.

బుధవారం యాభై ఒకటి. రంగు ఇంకాస్త చిక్కబడింది. రెండు గీతలు, రెండు గీతలు. ఆ మధ్యాహ్నం అమ్మాయి నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల బుడుంగున తన్నింది బిడ్డ. నేను చేసింది తప్పు కాదని దేవుడే చెప్తున్నాడనుకున్నాను. మనకి కావలసిన మాట దేవుడి నోట పెట్టడం ఎంత తేలికో ఆ రోజు నాకు తెలియలేదు. సాయంత్రం మోకాళ్ళేశాను. రోజూ అంత జాబితా చదివేదాన్ని, ఒక్క ముక్క రాలేదు.

గురువారం మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయాను. కిందికి దిగలేదు. కాలువలో నీరు పడే చప్పుడు రోజూలా లేదు. బరువుగా ఉంది. వింటూ నిలబడి, వెనక్కి తిరిగి వచ్చేశాను. రెండు గీతలు, రెండు గీతలు. ఊళ్ళోకి వెళ్ళే దారిలో వాగు మీద ఉన్న చప్టా మునిగిపోయిందని పాలవాడు చెప్పింది ఆ రోజే.

శుక్రవారం పొద్దున కుళాయి నీళ్ళ గ్లాసు పెట్టేసరికి మా ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. మాత్రలు అయిపోయాయి, మగత వదిలింది. గ్లాసు వైపు అలా చూస్తూనే ఉన్నారు. నేను దుప్పటి మడత పెడుతున్నాను.

"దీనికి చెమట పట్టలేదేంటే?" అన్నారు.

ఊట నీరు గట్టు అడుగు నుంచి వస్తుంది. చల్లగా ఉంటుంది. గ్లాసులో పోసి కిటికీలో పెడితే నిమిషంలో గాజు బయటంతా సన్నగా చెమట పడుతుంది. ఇరవై రెండేళ్ళు రోజూ ఆ గ్లాసు కింద తడిని తుడిచింది నేనే. ఆ సంగతే మర్చిపోయాను. కుళాయి నీళ్ళ గ్లాసు పొడిగా, శుభ్రంగా మెరుస్తోంది.

నేను మడత పెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పాను. ఆయన రెట్టించలేదు. "రిజిస్టరు ఇలా తే," అన్నారు.

ఇచ్చాను. ఆ పేజీలో గీతల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దించారు. తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"డిట్టో," అన్నారు మెల్లగా, ఎవరిదో పేరు గుర్తుచేసుకుంటున్నట్టు.

గోడకి ఆనించిన కర్ర తీసుకుని లేచారు. వాచిన కాలు ఈడ్చుకుంటూ వానలోకి వెళ్ళారు. గొడుగు పట్టుకుని నేను వెనకే పరిగెత్తాను. స్కేలు అరవై మూడు. ముంచిన గ్లాసులో నీళ్ళు ఇటుక పొడి కలిపినట్టు ఉన్నాయి. గ్లాసుకి అప్పుడే చెమట పడుతోంది.

ఆ రోజు ఆయనే రాశారు. ఆ కోడి కెలుకుడు రాతతోనే. అరవై మూడు, మురికి. పైన నేను పెట్టిన మూడు రోజుల గీతలనీ చెరపలేదు. ఒక్కో రోజు పక్కన 'చూడలేదు' అని రాసి, ప్రతిదాని కిందా తన సంతకం చేశారు. తర్వాత ఫోను తీశారు.

సైరను మోగేసరికి చప్టా మీద నిలువెత్తు నీరు. అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగిపోయింది. మంగళవారమే ఫోను చేసి ఉంటే అదే అంబులెన్సు పరుపుతో సహా మా గుమ్మం ముందుకొచ్చేది, చప్టా దాటి నెమ్మదిగా తీసుకెళ్ళేది. ఏ కుదుపుకి భయపడి నేను దాచానో, దానికి పదింతల కుదుపు నా చేతులారా తెచ్చిపెట్టాను. పాస్టరు గారు, ఇంకో ముగ్గురు మగవాళ్ళు అమ్మాయిని మంచంతో సహా ఎత్తి, వానలో గుట్ట మెట్లెక్కారు. అమ్మాయి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎవరో దాని మీద పరదా పట్టి నడుస్తున్నారు. చూస్తే కలలమ్మ. నేను చెప్పలేదూ అంటుందని ఒళ్ళంతా బిగబట్టుకున్నాను.

"కలలదేముందమ్మా, వస్తాయి పోతాయి," అంది ఆవిడ వగరుస్తూ. "కిందికి దిగి చూసిన మనిషి ఒకాయన ఉన్నాడు కాబట్టి బతికాం."

నేను తల దించుకుని మెట్లెక్కాను.

మెట్లు పూర్తి కాకుండానే నొప్పులు మొదలయ్యాయి. చర్చి వెనక పాస్టరు గారి చిన్న గదిలో, సంఘంలోని రిటైరైన నర్సమ్మ చేతుల మీద మధ్యాహ్నానికల్లా ఆడపిల్ల పుట్టింది. ఏడుపు కూడా సరిగ్గా లేదు, పిల్లికూన అరిచినట్టు ఒక్కసారి. "ఎలా ఉంది? బతుకుతుందా?" అని నర్సమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ బిడ్డని గుడ్డలో చుట్టి తల్లి గుండెల మీద పెడుతూ, "ఈ పూటకి ఊపిరి ఉందమ్మా," అంది. గంట తర్వాత ఆఫీసు వాళ్ళ మోటారు పడవ వచ్చి ఇద్దర్నీ అవతలి ఒడ్డుకి, అక్కడి నుంచి ఆసుపత్రికి చేర్చింది.

మర్నాడు పొద్దున గట్టు జారింది. గేట్లన్నీ ఎత్తేసి జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేశారు కాబట్టి ఊరు నిలిచింది. గట్టు కింద మొదటి రెండు వరసలు మాత్రం పోయాయి. మా ఇల్లూ, కిటికీ, దాంతో పాటే గ్లాసూ. ప్రాణం ఒక్కటి కూడా పోలేదు. నీళ్ళు చర్చి మెట్ల దరిదాపులకి కూడా రాలేదు.

ఆ తర్వాతి వారం విచారణకి పెద్ద ఇంజనీరు వచ్చారు. రిజిస్టరు తెరిచి మా ఆయన ముందు పెట్టారు.

"ఈ మూడు రోజులూ ఏం చేస్తున్నారు మీరు?"

"చూడలేదండి."

"ఎందుకు చూడలేదు?"

"నేను చూడాల్సిన పని. నేను చూడలేదు," అన్నారు ఈయన. నా పేరు రాలేదు. అక్కడే, గుమ్మం పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఉద్యోగం పోయింది. బయటికొచ్చాక నా వైపు తిరిగి, "ఆకలేస్తోంది, ఏమైనా తిందామా?" అన్నారు. అప్పుడు రోడ్డు మీదే భోరుమన్నాను.

ఆదివారం సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు కబురు పెట్టారు. మా చర్చిలో మేలు పొందిన వాళ్ళు లేచి నిలబడి, దేవుడు తమకేం చేశాడో అందరి ముందూ చెప్తారు. దాన్నే సాక్ష్యం అంటాం. "మీ కుటుంబం చెప్పకపోతే ఇంకెవరు చెప్తారమ్మా?" అన్నారు ఆయన. "చెప్తానండీ. ముందు వినాల్సిన మనిషి ఒకరున్నారు," అని ఆసుపత్రికి బయల్దేరాను.

బిడ్డ అద్దాల పెట్టెలో ఉంది. కేజీన్నర కూడా లేదు. అమ్మాయి పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ అద్దానికి నుదురు ఆనించి ఉంది. నిలబడే చెప్పాను. మంగళవారమే రంగు మారిందని, చూశానని, నిన్ను కదపకూడదని దాచానని, ఆ రోజైతే చప్టా మీద దారి ఉందని.

"నాన్నకి తెలుసా?"

"తెలుసు. తన మీద వేసుకున్నారు."

"మంచం దిగకూడదన్నది డాక్టరు," అంది అద్దంలోకే చూస్తూ. "దిగుతావా అని నువ్వు నన్ను ఒక్క మాట అడిగావా అమ్మా?"

తెచ్చిన పాల ఫ్లాస్కు స్టూలు పక్కన పెట్టి వచ్చేశాను.

ఆదివారం చర్చిలో లేచి అదే చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. మా ఆయన మాత్రం పక్కకి జరిగి, నేను కూర్చోవడానికి చోటిచ్చారు. సోమవారం ఆఫీసుకీ వెళ్ళి చెప్పాను. "మీరు ఉద్యోగి కాదు కదమ్మా. సంతకం ఆయనది," అన్నారు ఇంజనీరు గారు. ఉద్యోగం తిరిగి రాలేదు. అమ్మాయి నాతో మాట్లాడలేదు. నేను తెచ్చిన పాలు తాగేది, మొహం అటు తిప్పుకునేది. బిడ్డకి రెండుసార్లు ఊపిరి ఆగి మళ్ళీ వచ్చింది. ఇన్నాళ్ళా, ఇన్ని గంటలా అని డాక్టరు కూడా చెప్పలేకపోయారు.

బుధవారం మధ్యాహ్నం వెళ్ళేసరికి అమ్మాయి కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. నన్ను చూసి లేచింది. అట్టకి బిగించిన ఒక కాయితం, పెన్సిలు నా చేతిలో పెట్టింది. వేళ, నిమిషానికి ఊపిరి, ఒంటి రంగు అని గడులు గీసి ఉన్నాయి.

"గంటకోసారి చూసి రాయాలి. నర్సు వచ్చి అడుగుతుంది. నేను కాసేపు పడుకుంటా," అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "చూసి రాయి."

స్టూలు మీద కూర్చున్నాను. చిటికెన వేలంత పక్కటెముకలు లేస్తున్నాయి, పడుతున్నాయి. గడియారం చూస్తూ లెక్కపెట్టాను. యాభై రెండు. పై వరసలో అమ్మాయి రాసింది కూడా యాభై రెండే. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. యాభై రెండు. గుండ్రంగా, పూర్తిగా రాశాను. రంగు గడిలో 'ఎరుపు' అని రాశాను, అదీ పూర్తిగా.

కర్ర చప్పుడైంది. మా ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు.

"ఎలా ఉందే? నిన్నటిలాగేనా?"

"నిన్నటిది పైన ఉంది, చూసుకోండి," అన్నాను, బిడ్డ మీంచి కళ్ళు తీయకుండా. "ఇప్పుడు మాత్రం యాభై రెండు."